అడ్జస్ట్ మునినారాయణప్ప

నా పెళ్ళి ఆల్బంలో పద్దెనిమిది మంది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆవిడ వాళ్ళు మీవాళ్ళంటుంది, నేను కాదు మీవాళ్ళంటాను. ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నాక తేలిందేమంటే, వాళ్ళు మా ఇద్దరివాళ్ళూ కారు. అదే రోజు, అదే ముహూర్తానికి, కింద భోజనాల హాల్లో పెళ్ళి చేసుకుంటున్న ఇంకో జంట తాలూకు చుట్టాలు. దారి తప్పి పైకొచ్చి, మా పక్కన నిలబడి, పళ్ళన్నీ కనపడేలా నవ్వి, ఫోటో దిగి, ఒక గోడగడియారం చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. దాని మీద 'మంజుల వెడ్స్ గోపి' అని రాసి ఉంది. ఇది 1994 నాటి మాట. దీనికంతటికీ కారకుడు మునినారాయణప్ప.

బెంగళూరులో పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే కల్యాణ మంటపాన్ని ఛత్రం అంటారు. బొమ్మనహళ్ళిలో మా వీధి చివరున్న ఛత్రానికి ఆయన మేనేజరు. అందరూ మేనేజరప్ప అని పిలిచేవాళ్ళు. తాతల నాటి నుంచీ బెంగళూరులో పాతుకుపోయిన తెలుగువాళ్ళు వాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. ఇంగ్లీషు మాత్రం ఒకే ఒక్క మాట వచ్చు. ఆ ఒక్క మాటతో పద్దెనిమిదేళ్ళు ఉద్యోగం లాగించాడు.

ఆ మాట అడ్జస్ట్. దాన్ని కనిపెట్టిన ఇంగ్లీషువాళ్ళు గడియారం ముల్లుకో, కళ్ళజోడుకో, సైకిలు బ్రేకుకో వాడుకుంటారట. ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పితే కుదురుకునే వస్తువులకన్నమాట. పాపం, చేతిలో ఉన్న సొమ్ము విలువ వాళ్ళకు తెలియలేదు. మా బెంగళూరులో దాన్ని మనుషులకు వాడతాం. ముగ్గురు కూర్చున్న సీటు దగ్గరికి నాలుగోవాడు వచ్చి 'స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్ళి' అంటాడు. కాస్త సర్దుకోండి అని. అదే ముక్క తెలుగులో 'జరగవయ్యా' అని చూడండి, చొక్కాలు చిరుగుతాయి. మధ్యలో అడ్జస్ట్ పడిందంటే ఆ ముగ్గురూ ఎవరి మోకాళ్ళు వాళ్ళే ముడుచుకుంటారు. నీళ్ళు రాకపోతే అడ్జస్ట్ చేసుకోవాలి, కరెంటు పోతే అడ్జస్ట్ చేసుకోవాలి, సాంబారులో పప్పు కనపడకపోయినా అడ్జస్ట్ చేసుకోవాలి. ఇన్నేళ్ళుగా నేను గమనించింది ఒక్కటే. ఆ మాట అనేవాడు ఆ పని ఎప్పుడూ చేయడు, చేసేవాడికి అనే అవకాశం ఎప్పుడూ రాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని మన పెద్దలు ఊరికే అనలేదు.

మునినారాయణప్ప పనితనం చూసి తీరాలి. ఇక్కడివాళ్ళ పెళ్ళికి ముందురోజు సాయంత్రం రిసెప్షను, మర్నాడు పొద్దున ముహూర్తం. అందుకని ఛత్రం రెండు రోజులకు కలిపి ఇస్తారు. మేం రాయలసీమవాళ్ళం మాత్రం తెల్లారేసరికి బస్సులు కట్టుకుని దిగేవాళ్ళం. ముందురోజు సాయంత్రం హాలు ఖాళీ. ఇంకో మేనేజరైతే తాళం వేసి ఇంటికి పోయేవాడు. ఈయన ఆ ఖాళీలో ఇంకెవరిదో రిసెప్షను దూర్చేవాడు. పైన ముహూర్తం జరుగుతుంటే కింద నామకరణం, వెనక వంటల దగ్గర షష్టిపూర్తి. లాభమంతా ఓనరుది, తిట్లన్నీ ఈయనవి. మరి ఎందుకు చేసేవాడంటే, ఆయనకు లేదు అనడం రాదు. "నా దగ్గరికి వచ్చినోళ్ళను ఒక్కరిని గూడా వాపసు పంపలేదప్పా" అని గొప్పగా చెప్పుకునేవాడు. నిజమే, ఎవరినీ పంపలేదు. అందరినీ ఒకరి మీద ఒకరిని కూర్చోబెట్టాడు.

నా పెళ్ళినాడు మా నాయన కింద ఇంకో మంటపం చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఏమయ్యా, ఇదేమి అన్యాయం? ముహూర్తం మాది కదా?" అని గట్టిగా అరిచాడు.

మునినారాయణప్ప నొచ్చుకోలేదు. మా నాయన భుజం మీద చెయ్యి వేశాడు. "మీ ముహూర్తం మీదేనప్పా, ఎవరు తీసుకుంటాండారు? ముహూర్తం ఆకాశంలో ఉండాది. ఈడ ఉండేది హాలే గదా. వాళ్ళూ మీ మాదిరే బిడ్డ పెండ్లి చేసుకుంటాండారు. కొంచెం అడ్జస్ట్ చేసుకోవాల."

మా నాయన జీవితంలో నోరు మూసుకున్న సందర్భాలు రెండో మూడో ఉంటాయి. అందులో అదొకటి. నాదస్వరం ఆయన్ను మునినారాయణప్ప మెట్ల మధ్యలో కూర్చోబెట్టాడు, పైకీ కిందికీ వినబడాలని. పురోహితుడు గట్టిమేళం అన్నప్పుడల్లా ఏ పురోహితుడు అన్నాడో తెలియక ఆయన పాపం మెడ అటూ ఇటూ తిప్పుతూ వాయించాడు. అదే మెట్ల మీద, డోలు పక్కన ఒక పన్నెండేళ్ళ పిల్ల చెవుల్లో వేళ్ళు పెట్టుకుని లెక్కల పుస్తకం చదువుకుంటూ కనిపించింది. ఆ పిల్ల శ్వేత, మునినారాయణప్ప ఒక్కగానొక్క కూతురు.

ఛత్రం వెనక వంటశాలను ఆనుకుని రెండు గదులు. మేనేజరు కుటుంబానికి అదే ఇల్లు. జనం ఎక్కువైన రోజున ఆ రెండు గదుల్లో ఒకటి పెళ్ళికూతురి అలంకారానికి ఇచ్చేసేవాడు. ఇంకా ఎక్కువైతే రెండోదీ ఇచ్చేసేవాడు. శ్వేత మంచం మీద ఎవరెవరి మేనత్తలో గురకపెట్టి నిద్రపోయారు. పదో తరగతి పరీక్ష రాసిన రోజు పొద్దున ఆ పిల్ల స్నానానికి పద్నాలుగు మంది ఆడపెళ్ళివాళ్ళ వెనక వరసలో నిలబడింది. ఆయన భార్య కమలమ్మ నోట్లో నాలుక లేని మనిషి. ఆమెను చూసి నేనలాగే అనుకునేవాణ్ణి. ఊరందరికీ ఇంత మంచిగా నచ్చజెప్పే మనిషి తన ఇంట్లోవాళ్ళకు ఆ మాత్రం నచ్చజెప్పే పని కూడా పెట్టుకోలేదు, ఊరికే చెప్పి వెళ్ళిపోయేవాడు. నాకు ఆయన మీద కోపం నా పెళ్ళితో మొదలైంది గానీ, ఈ రెండు గదులు చూశాక ముదిరింది.

2004లో శ్వేతకు పెళ్ళి కుదిరింది. అప్పటికి ఆ అమ్మాయి ఒక గార్మెంట్స్ ఎగుమతి ఆఫీసులో పని చేస్తోంది. పెళ్ళికొడుకు యశ్వంత్‌ది బెంగళూరు దాటాక వచ్చే హొసకోటె. వాళ్ళ నాయన పిల్లప్ప నెమ్మదస్తుడు, అడిగితే తప్ప మాట్లాడడు. పెళ్ళి మా ఛత్రంలోనే. ఇన్నేళ్ళు నమ్మకంగా పనిచేసినందుకు హాలు నీ బిడ్డకు ఉచితం అని ఓనరు మాటిచ్చాడు. పత్రికలో తప్పులు చూడమని నన్ను పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళాను. శ్వేత తండ్రి ముందర కూర్చుని ఉంది.

"నాకు నగలొద్దు, పట్టుచీరలు పది వద్దు నాయనా. ఒక్కటి అడుగుతా, ఇస్తావా?"

"అడుగు తల్లీ."

"ఆ రెండు పొద్దులూ హాలు మనది మాత్రమే ఉండాల. పైనా, కిందా, వంటిల్లూ, ఈ రెండు గదులూ. గేటు కాడ బోర్డు మీద నా పేరు ఒక్కటే ఉండాల. ఇంకొకరి పేరు, బాణం గుర్తు, ఏదీ ఉండగూడదు."

మునినారాయణప్ప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, నేను చూశాను. "అంతేనా?" అన్నాడు. కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. అక్కడికక్కడే ఛత్రం డైరీ తెప్పించి ఆ రెండు తేదీల మీద ఎర్ర పెన్సిలుతో ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టాడు. ఆ డైరీలో ఒక తేదీకి ఒకే పేరు ఉండటం అదే మొదటిసారి.

పెళ్ళి పది రోజులుందనగా మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇస్తే తాగకుండా చల్లార్చాడు. ఎట్టకేలకు చెప్పాడు. ఓనరుకు జిగణిలో స్నేహితుడొకడున్నాడు, గ్రానైటు ఫ్యాక్టరీ ఆసామి. ఆయన మనవడికి మొదటి పుట్టినరోజు. రిసెప్షను రోజు సాయంత్రమే. ఇంద్రజాలం చేసేవాణ్ణి, బెలూన్లవాళ్ళనూ మాట్లాడేసుకున్నారు. పెద్ద హాలు వాళ్ళకు కావాలి.

"ఓనరు ఏమన్నాడు?" అని అడిగాను.

"ఫోన్ చేసినాడప్పా. 'మునినారాయణప్పా, నిమ్మ మనె ఫంక్షన్ తానే, స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్ళి' అనె." మీ ఇంటి ఫంక్షనే కదా, కాస్త సర్దుకోండి అని దాని అర్థం.

"మీరేమన్నారు?"

"ఏమనేది? సరే అంటిని."

"శ్వేతకు చెప్పారా?"

"ముందే చెప్తే ఒప్పుకోదు. ఆ పొద్దు వచ్చినాక, జనం ముందర, ఎట్లో ఒకట్ల అడ్జస్ట్ అవుతాది. ఆడపిల్లలు అయితారప్పా. నేను చూసినా గదా ఇన్ని పెండ్లిండ్లు."

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆయన వెళ్ళిపోయాక నాకు లోలోపల సంతోషమేసింది. పదేళ్ళుగా ఎదురుచూసిన న్యాయం నడుచుకుంటూ మా ఇంటికొచ్చి కాఫీ చల్లార్చుకుని పోయినట్టనిపించింది. మా ఆవిడ మాత్రం, ఆ పిల్లకు మీరైనా చెప్పండి అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను. తండ్రికి దక్కాల్సిన శాస్తి కూతురి నెత్తిన పడుతుందని నాకు తట్టకపోలేదు. తట్టింది, అయినా ఊరుకున్నాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

రిసెప్షను రోజు సాయంత్రం ఐదు గంటలకు తెల్ల అంబాసిడర్ వచ్చి గేటు ముందు ఆగింది. వెనక సీట్లో శ్వేత, పక్కన కమలమ్మ. ముస్తాబు కోసం మధ్యాహ్నమే బయటికి వెళ్ళారు, హాలు ఖాళీగా ఉండగా. వాళ్ళు వెళ్ళిన మరుక్షణం బెలూన్లవాళ్ళు దిగారు. ఇప్పుడు గేటుకు అడ్డంగా ఏనుగంత బెలూన్ల తోరణం, దాని మధ్య ఒక పసివాడి ఫోటో, కింద హ్యాపీ బర్త్‌డే. గేటు పక్క స్తంభానికి చిన్న అట్టముక్క. దాని మీద థర్మోకోల్ అక్షరాలతో 'శ్వేత – యశ్వంత్', పక్కన భోజనాల హాలు వైపు బాణం గుర్తు. బాణం మునినారాయణప్పే స్వయంగా అతికించాడు.

శ్వేత కారు దిగలేదు. కిటికీలోంచి ఆ అట్టముక్కను చూస్తూ కూర్చుంది. మునినారాయణప్ప పట్టుపంచె ఎగ్గట్టుకుని పరుగున వచ్చాడు.

"మూడు గంటలే తల్లీ. ఎనిమిదికంతా వాళ్ళు కేకు కోసి ఎళ్ళిపోతారు. అంతవరకూ మనం కింద. కింద గూడా పూలు కట్టించినాను, చూడు వచ్చి. కొంచెం అడ్జస్ట్ చేసుకో."

శ్వేత తండ్రి వైపు తిరిగింది. "ఎవరికి చెప్తాండావు నాయనా? పెండ్లికూతురికా, నీ కూతురికా?"

ఆయనకు అర్థం కాలేదు. ఆ ఇద్దరికీ తేడా ఏమిటన్నట్టు చూశాడు.

"ఆ మాట నాకు చెప్పొద్దు. పైకి పోయి వాళ్ళకు చెప్పు. ఈ పొద్దు మా పాప పెండ్లి, మీరే అడ్జస్ట్ చేసుకోండి అని చెప్పు. చెప్పేసి రా, నేను దిగుతా. అంతవరకూ ఈడనే కూర్చుంటా."

మునినారాయణప్ప పైకి వెళ్ళాడు. ఏం చెబుతాడో చూడాలని నేనూ వెనకే వెళ్ళాను. మంటపం మీద, వధూవరులు కూర్చునే ఎర్ర కుర్చీల్లో ఓనరూ, ఆ జిగణి పెద్దమనిషీ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మునినారాయణప్ప వాళ్ళ ముందు నిలబడ్డాడు. వందల మంది ఆడపిల్లల తండ్రుల భుజాల మీద చేతులు వేసి అలవోకగా అన్న మాట అది. గొంతు సవరించుకున్నాడు. ఓనరు తలెత్తి చూశాడు.

"ఇంకేమన్న బేకా సార్?" అన్నాడు మునినారాయణప్ప. ఇంకేమైనా కావాలా అని.

జనరేటరు చూడమన్నారు. చూడటానికి వెళ్ళాడు.

నేను కిందికి వచ్చి కారు దగ్గర నిలబడ్డాను. నా మొహం చూసి శ్వేత ఇంకేమీ అడగలేదు. తన మొబైల్ తీసి యశ్వంత్‌కు ఫోన్ చేసింది. పెళ్ళివారి బస్సు అప్పటికి కె.ఆర్. పురం దాటిందట. ఉన్నదున్నట్టు రెండు ముక్కల్లో చెప్పింది. అవతల ఫోను పిల్లప్ప తీసుకున్నాడు. ఆ నెమ్మదస్తుడు ఏమన్నాడో తర్వాత అందరూ చెప్పుకున్నారు. "మా ఇంటి ముందర చప్పరం వేసే ఉండాది తల్లీ. వీధంతా ఖాళీనే. నువ్వు రా. మేం బస్సు తిప్పుతాము."

కమలమ్మ కారు దిగింది. నేరుగా వంటశాలకు వెళ్ళి వంటాయనతో రిసెప్షను వంటలన్నీ టెంపోలోకి ఎక్కించమంది. మునినారాయణప్ప జనరేటరు దగ్గర్నుంచి నూనె చేతులతో పరుగెత్తుకొచ్చి, "ఏమే, నీకు మతి ఉండాదా? జనం ఏమంటారు? కొంచెం దానికి నచ్చజెప్పరాదా?" అన్నాడు.

"ఇరవై ఐదేండ్లు నేను అడ్జస్ట్ అయినా. దానికి ఆ పని నేర్పించలా" అంది కమలమ్మ. అన్నేళ్ళలో ఆమె గొంతు నేను గట్టిగా విన్నది అదొక్కసారే. "నువ్వు గూడా వచ్చి కార్లో కూర్చో."

ఆయన కారు వైపు చూశాడు. పైన కరెంటు పోయి పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు. "మునినారాయణప్పా!" అని ఓనరు పిలిచాడు. "మీరు పోతా ఉండండి, వెనకనే వస్తా" అని ఆయన జనరేటరు దగ్గరికి పరుగెత్తాడు. కారు వెళ్ళిపోయింది. నేను గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళనల్లా హొసకోటెకు దారి చూపించాను. సగం మంది అంత దూరం ఎవరు పోతారని పైకెళ్ళి కేకు తిని, తెచ్చిన కానుకలు ఆ పసివాడికిచ్చి ఇళ్ళకు పోయారు. అది మాత్రం నాకు నవ్వు తెప్పించింది. ఆఖరి టెంపోలో మా ఆవిడతో కలిసి నేనూ హొసకోటె చేరాను.

అక్కడ పిల్లప్ప ఇంటి ముందు ఈ చివర నుంచి ఆ చివర దాకా వీధి ఊడ్చి నీళ్ళు చల్లారు. చప్పరం అంటే పందిరే, దాని ముందు ఎవరో ముగ్గుపిండితో రెండే పేర్లు రాశారు. దీపాలు తక్కువే, కుర్చీలు సరిపోక ముసలివాళ్ళు అరుగుల మీద కూర్చున్నారు. శ్వేత ఎవరు ఏమడిగినా నవ్వుతూ జవాబు చెబుతోంది. చప్పరం వైపు ఎవరైనా కొత్తగా నడిచివస్తే మాత్రం తలెత్తి చూస్తోంది. వెనకనే వస్తానన్న మనిషి రాత్రికి రాలేదు.

మర్నాడు ముహూర్తం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర లోపల. ఏడున్నర అయింది, ఎనిమిదయింది. పురోహితుడు రెండుసార్లు గడియారం చూశాడు. కన్యాదానానికి తండ్రి లేకపోతే మేనమామ దంపతులైనా కూర్చోవాలన్నాడు. కమలమ్మ తన తమ్ముడి వైపు చూసింది. ఆయనా, ఆయన భార్యా పీటల మీద కూర్చున్నారు. కమలమ్మ పక్కకు జరిగి నిలబడింది.

ఎనిమిదీ ఇరవైకి మునినారాయణప్ప వచ్చాడు. బస్సు దిగి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, నిన్నటి పట్టుపంచె మీద నూనె మరకలు అలాగే ఉన్నాయి. "ఏమైందన్నా?" అని అడిగాను. రొప్పుతూ చెప్పాడు. పెళ్ళి ఇక్కడికి మారిపోయేసరికి పొద్దున హాలు ఖాళీ పడిందట. అప్పటికప్పుడు ఎవరో సీమంతానికని ఫోన్ చేశారట.

"హాలు ఊరకే ఖాళీగా పెట్టేదెట్లప్పా అని వాళ్ళకు ఇచ్చేస్తిని. వాళ్ళు రావాల్సింది ఐదింటికి, వచ్చింది ఆరున్నరకు. తాళాలు వాళ్ళ చేతికిచ్చి వచ్చేకొద్దికి..."

అంత కోపం పదేళ్ళలో ఆయన మీద ఎన్నడూ రాలేదు, అంత జాలి కూడా ఎన్నడూ వేయలేదు.

పీటల మీదున్న మేనమామ బావను చూసి లేవబోయాడు. పురోహితుడు మంత్రం ఆపాడు. శ్వేత తలెత్తి తండ్రిని చూసింది. మనిషిని పైనుంచి కింది దాకా ఒకసారి చూసి మేనమామ వైపు తిరిగింది.

"కూర్చో మామా, ముహూర్తం దాటిపోతాది" అంది. తర్వాత తండ్రితో మెల్లగా, గౌరవంగానే చెప్పింది. "నాయనా, ఆడ రెండో వరసలో కుర్చీ ఖాళీ ఉండాది. కూర్చో."

ఆయన వెళ్ళి కూర్చున్నాడు. ఒక చిన్నపిల్ల పళ్ళెం పట్టుకుని వరసలో అందరికీ అక్షింతలు పంచుతూ వచ్చి ఆయన చేతిలోనూ చిటికెడు పెట్టింది. గట్టిమేళం మోగినప్పుడు అందరితో పాటు లేచి, అందరితో పాటే వేశాడు.